తేలిక బండి

నంబరు ప్లేటు మీద ఏపీ 15 అంటే కరీంనగర్. ఏపీ 1 అంటే ఆదిలాబాద్. తెలంగాణ వచ్చాక 2014లో ఏపీ పోయి టీఎస్ అయింది, 2024 మార్చిలో టీఎస్ పోయి టీజీ అయింది. మధ్యలో 2016లో ఈ రెండు పాత జిల్లాలు ముక్కలై నిర్మల్‌కు, మంచిర్యాలకు, జగిత్యాలకు, పెద్దపల్లికి కొత్త నంబర్లు పుట్టాయి. ఇన్ని మారినా పాత అక్షరాల ప్లేటుతోనే తిరిగే చిన్న కార్లు ఈ ఊర్లలో ఇంకా కనిపిస్తాయి. ఒకటి కూరగాయల మార్కెట్ ముందు ఆగి ఉంటుంది, ఒకటి డ్రైవింగ్ స్కూలు బోర్డు నెత్తిన పెట్టుకుని తిరుగుతుంటుంది, ఒకటి సింగరేణి క్వార్టర్ ముందు టార్పాలిన్ కప్పుకుని ఉంటుంది. దగ్గరికి వెళ్లి చూస్తే చాలామటుకు మారుతి 800.

చివరి మారుతి 800 గుర్గావ్ ఫ్యాక్టరీలో 2014 జనవరి 18న తయారైంది. అంటే ఇప్పుడు రోడ్డు మీదున్న వాటిలో అన్నిటికంటే చిన్నదానికి కూడా పదేళ్లు దాటాయి. పాతికేళ్ల బండిని బాగు చేయించుకుని రోజూ బడికి, ఆఫీసుకు, పొలానికి నడుపుకునేవాళ్లు ఉన్నారు. ఇన్నేళ్లు ఎట్లా బతికిందని అడిగితే మెకానిక్‌లు "జపాన్ ఇంజన్ సారూ" అంటారు. ఇంజన్ మంచిదే, కాదనను. నా లెక్కలో మాత్రం దీని ఆయుష్షుకు మొదటి కారణం బరువు. మొత్తం బండి దాదాపు 650 కిలోలు. దీని మంచి గుణాలన్నీ అక్కణ్నుంచే వస్తాయి. ఎంత ఖర్చు పెట్టి బాగు చేయించినా పోని ఒక లోపం కూడా అక్కణ్నుంచే వస్తుంది.

ఈ తేలికదనం మన దగ్గర పుట్టింది కాదు. జపాన్‌లో 'కేయి' అనే చిన్న కార్ల తరగతి ఉంది. ఆ తరగతిలోకి వస్తే పన్ను తక్కువ. 1976 నాటి నిబంధన ప్రకారం పొడవు 3.2 మీటర్లు, వెడల్పు 1.4 మీటర్లు, ఇంజన్ 550 సీసీ దాటకూడదు. పెద్ద ఇంజన్ పెట్టుకునే వీలు లేనప్పుడు బండి చురుగ్గా కదలాలంటే బరువు తగ్గించడం ఒక్కటే దారి. సుజుకి 1979లో తెచ్చిన ఆల్టో, దానికి తోడుగా వచ్చిన ఫ్రాంటే అట్లా తయారైనవే. ఇంజన్‌ను అడ్డంగా పెట్టారు, గేర్‌బాక్స్‌ను దాని పక్కనే బిగించారు, ముందు చక్రాలనే తిప్పారు. అంబాసిడర్ కింద, లారీ కింద ముందు నుంచి వెనక్కి పోయే పొడవాటి ఇనుప షాఫ్టు, వెనుక ఇరుసు మధ్యలో బరువుగా వేలాడే ఉండ రెండూ అక్కర్లేకుండా పోయాయి. ఫ్రాంటే ఒంట్లో ఎగుమతి దేశాల కోసం చేసిన 796 సీసీ ఇంజన్ పెడితే మన 800.

దాన్ని మన దేశానికి రప్పించిన కథ రాజకీయాలతో ముడిపడింది. సంజయ్ గాంధీ 1971లో మొదలుపెట్టిన మారుతి లిమిటెడ్ జనానికి కారు అందించకుండానే మూతపడింది. 1981లో మారుతి ఉద్యోగ్ ప్రభుత్వ కంపెనీగా ఏర్పడింది. అంతకుముందు ప్రభుత్వ కంపెనీ భెల్‌ను నడిపిన వి. కృష్ణమూర్తి దాని పగ్గాలు పట్టారు. 1982 అక్టోబరులో సుజుకితో ఒప్పందం కుదిరింది. 1983 డిసెంబరు 14న ఇందిరా గాంధీ తొలి కారు తాళంచెవులు ఢిల్లీవాసి హర్‌పాల్ సింగ్ చేతికిచ్చారు. ధర 47,500 రూపాయలు. ఆయన 2010లో చనిపోయేదాకా ఆ కారును అమ్మలేదు. ఆ తర్వాత అది ఇంటి బయట తుప్పు పట్టిపోతుంటే కంపెనీ బాగు చేయించి తన ప్రధాన కార్యాలయంలో ప్రదర్శనకు పెట్టింది.

అదే 1983లో రామగుండంలో ఎన్టీపీసీ తొలి యూనిట్ కరెంటు ఇవ్వడం మొదలుపెట్టింది. పక్కన బొగ్గు గనులు, ఎరువుల కర్మాగారం, కాలనీలు, నెల జీతాలు. ఇటు జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లు పంపే డబ్బు. కొత్త కారు అందని ఇళ్లకు కూడా రెండో చేతి, మూడో చేతి 800 అందింది. స్కూటర్ మీద నలుగురిని కూర్చోబెట్టుకుని వానలో తడిసిన మనిషికి ఇది కారు కావడమే గొప్ప.

అప్పటి ప్రీమియర్ పద్మినితో పోలిస్తే తేలికదనం విలువ తెలుస్తుంది. పద్మిని ఇంజన్ 1,089 సీసీ, శక్తి 40 హార్స్‌పవర్, బరువు దాదాపు 900 కిలోలు. 800 ఇంజన్ శక్తి కూడా ఇంచుమించు అంతే, బరువేమో పావు వంతుకు పైగా తక్కువ. మోసేది తక్కువైతే 12 అంగుళాల చక్రాలు చాలు, చిన్న క్లచ్ ప్లేటు చాలు, బ్రేకులకు అరుగుదల తక్కువ, స్ప్రింగులకు అలసట తక్కువ. స్టెప్నీ ఒంటిచేత్తో తీయవచ్చు. చక్కగా ట్యూన్ చేయిస్తే లీటరుకు 16, 18 కిలోమీటర్లు వస్తుంది. పాత కారు నడుపుకోవడం మామూలు జీతగాడికి భారం కాకపోవడానికి కారణం ఇదే.

ఏ 800 అన్నది ముఖ్యం. 1983 నాటి పెట్టె ఆకారం బండ్లు ఇప్పుడు ముచ్చట కోసం దాచుకునే వస్తువులు, వాటితో రోజూ తిరగాలనుకోవడం పొరపాటు. 1986లో కొత్త ఒళ్లు వచ్చింది, 1997లో మూలలు గుండ్రబడ్డాయి, 2000 ప్రాంతంలో కార్బొరేటర్ పోయి, కంప్యూటర్ లెక్కగట్టి పెట్రోలు చిమ్మే ఎంపీఎఫ్ఐ వచ్చింది. 2010 ఏప్రిల్‌లో బీఎస్ 4 కాలుష్య నిబంధన వల్ల హైదరాబాద్‌తో సహా 13 నగరాల్లో అమ్మకం ఆగిపోయినా మిగతా ఊర్లలో ఇంకో నాలుగేళ్లు సాగింది. కాబట్టి ఈ జాతిలో చిన్నవయసు బండి కావాలంటే హైదరాబాద్‌లో కాదు, జిల్లాల్లోనే వెతకాలి. రోజూ నడపడానికైతే ఎంపీఎఫ్ఐ కొనండి. యంత్రం ఎట్లా పనిచేస్తుందో వేళ్లతో తెలుసుకోవాలంటే కార్బొరేటర్ బండి కొనండి.

కొనేముందు చూడాల్సింది ఇంజన్‌ను కాదు, కింది రేకును. ఈ కారుకు లారీలాగా విడిగా చాసిస్ ఉండదు. నేల రేకు, తలుపుల కింది పట్టీలు, పైకప్పు, ముందు చక్రాల మీది గూళ్లు అన్నీ వెల్డింగ్‌తో ఒకే పెట్టె అయి బరువు మోస్తాయి. బరువు తగ్గించే కిటుకు ఇదే, రేకు పల్చన కావడానికి కారణమూ ఇదే. పల్చటి రేకుకు తుప్పు పడితే పోయేది అందం ఒక్కటే కాదు, బలం కూడా పోతుంది. ఇనుము, నీరు, ఆక్సిజన్ కలిస్తే తుప్పు. అది ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పెయింట్ కింద పొక్కులా ఉబ్బుతుంది. గోదావరిఖని, బెల్లంపల్లి, మందమర్రి లాంటి చోట్ల బొగ్గు దుమ్ము సందుల్లో పేరుకుని తేమను వదలకుండా పట్టి ఉంచుతుంది. ముందు అద్దం బీడింగ్ ఎండి పగిలితే వాన నీరు లోపలికి జారి మ్యాట్ కింద నిలుస్తుంది. వానాకాలం పోయి దసరా వచ్చినా అక్కడ తడి ఆరదు. అందుకే మ్యాట్ ఎత్తి చూపించమని అడగాలి. అమ్మేవాడు మొహమాటపడితే ధర సగమైనట్టే.

టింకరింగ్ షెడ్డులో ఇక్కడే మోసం జరుగుతుంది. పోయిన రేకు కోసి కొత్త ముక్క అతకడానికి రోజులు పడుతుంది. లప్పం పూసి రంగు కొట్టడానికి ఒక పూట చాలు. లప్పం తేమను ఆపదు, బరువు మోయదు. రెండు వానాకాలాలు తిరక్కముందే మళ్లీ ఉబ్బుతుంది. పని చేయించేవాళ్లు రంగు రోజున కాకుండా వెల్డింగ్ రోజున షెడ్డులో కూర్చోవాలి. వెల్డింగ్ అయ్యాక లోపలి సందుల్లో మైనం కొట్టించి, అడుగున నల్ల పూత వేయించి, తలుపుల కింద నీళ్లు కారే చిన్న రంధ్రాలను పుల్లతో పొడిచి తెరిపించాలి. కొత్త రంగు కంటే ఆ రంధ్రాలే బండిని ఎక్కువ కాపాడతాయి.

ఇక ఇంజన్. మూడు సిలిండర్లు, ఒక్కోటి 265 సీసీ. పిస్టన్ వ్యాసం 68.5 మిల్లీమీటర్లు, అది కదిలే దూరం 72 మిల్లీమీటర్లు. క్రాంకు ప్రతి 240 డిగ్రీలు తిరిగేసరికి ఒక సిలిండర్ మండుతుంది. మూడు పిస్టన్లు పైకీ కిందికీ తోసే బలాలు ఒకదాన్నొకటి చక్కగా రద్దు చేసుకుంటాయి. అయితే అవి ఒకే చోట లేవు, వరసగా ఉన్నాయి. కాబట్టి ఇంజన్ ఈ కొస లేస్తే ఆ కొస దిగుతూ ఊగుతుంటుంది. నాలుగు సిలిండర్ల కారు నుంచి దిగి 800 ఎక్కినవాళ్లకు సిగ్నల్ దగ్గర స్టీరింగ్ వణికినట్టు అనిపించేది ఈ ఊపే. ఆ ఊపు ఒంటికి తగలకుండా ఇంజన్ కింద రబ్బరు మౌంటింగులు ఉంటాయి. రబ్బరు ముసలిదై గట్టిపడితే బండంతా గడగడలాడుతుంది. చాలామంది ఇంజన్ పోయిందనుకుని రీబోరుకు పంపుతారు. ముందు మౌంటింగులు మార్చి చూడాలి, ఖర్చులో నింగికీ నేలకూ ఉన్నంత తేడా.

కార్బొరేటర్ దగ్గరికి వస్తే, దానికి పాత ఆదిలాబాద్ జిల్లాను మించిన పరీక్షాకేంద్రం దక్షిణాదిలో ఉంటుందనుకోను. అర్లి(టి), గిన్నెధరి లాంటి ఊర్ల పేర్లు ప్రతి డిసెంబరులో పేపర్లో వస్తాయి, అక్కడ తెల్లవారుజామున 5 డిగ్రీల దగ్గరికి దిగుతుంది కాబట్టి. అదే జిల్లాలో మే నెలలో 45 దాటుతుంది. ఒకే యంత్రం ఈ రెండిటికీ తట్టుకోవాలి.

కార్బొరేటర్‌లో కంప్యూటర్ లేదు, సెన్సార్ లేదు, ఉన్నదల్లా ఒక సన్నటి గొంతు. పిస్టన్లు గాలిని పీల్చుకున్నప్పుడు ఆ గాలి ఇరుకైన గొంతులోంచి దూరుతూ వేగం పుంజుకుంటుంది. వేగం పెరిగినచోట పీడనం తగ్గుతుంది. పక్కనున్న చిన్న గిన్నెలో పెట్రోలు మీద మామూలు గాలి పీడనం ఉంది కాబట్టి అది జెట్ అనే వెంట్రుక సందులోంచి పెట్రోలును గొంతులోకి తోస్తుంది. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7 గ్రాముల గాలి కావాలి. ఆ లెక్కను జెట్ రంధ్రం సైజు కాపాడుతుంది.

చలిలో ఈ లెక్క తప్పుతుంది. మండేది ద్రవ పెట్రోలు కాదు, దాని ఆవిరి. కేస్లాపూర్ నాగోబా జాతరకు పుష్య మాసపు తెల్లవారుజామున బయల్దేరిన బండిలో, చల్లటి గొట్టం గోడలకు పెట్రోలు చెమటలా అంటుకుపోయి కొద్ది భాగమే ఆవిరవుతుంది. ఇంజన్ తిరుగుతుంది గానీ అందుకోదు. అప్పుడు "చోకు గుంజి కొట్టుర్రి" అంటారు. చోకు గుంజితే గొంతు పైన ఒక రేకు మూసుకుని గాలిని ఆపుతుంది. లోపల పీడనం బాగా పడిపోయి, మామూలు కంటే చాలా ఎక్కువ పెట్రోలు లోపలికి వస్తుంది. అందులో ఆవిరయ్యే కొద్ది భాగమే మండడానికి సరిపోతుంది. ఇంజన్ వేడెక్కాక చోకు లోపలికి నెట్టడం మరిచిపోతే ప్లగ్గులు మసిబారతాయి, మిగిలిన పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది. ముసలి ఇంజన్లు ఎక్కువగా అరిగేది రోడ్డు మీద కాదు, ఈ మొదటి ఐదు నిమిషాల్లో.

ఎండాకాలం కథ దీనికి పూర్తిగా తలకిందులు. పెట్రోలులోని తేలిక భాగాలు 40 డిగ్రీల లోపే మరగడం మొదలుపెడతాయి. మధ్యాహ్నం నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ పాత రోడ్డు ఎక్కుతుంటే ఇంజన్ శ్రమ ఎక్కువ, వేగం తక్కువ, తగిలే గాలి తక్కువ. పెట్రోలు పంపు ఇంజన్‌కే అతుక్కుని ఉంటుంది, అదీ కాలుతుంది. పైపులో పెట్రోలు బుడగలు కడుతుంది. పంపులోని పొర ద్రవాన్ని నెట్టగలదు గానీ ఆవిరిని నొక్కితే అది నలిగి మళ్లీ అంతే అవుతుంది. బండి దగ్గి ఆగిపోతుంది. అంబాసిడర్ కాలం నుంచి డ్రైవర్లు చేసే వైద్యం పంపు మీద తడిగుడ్డ చుట్టడం. అది చాదస్తం కాదు, మట్టికుండలో నీళ్లు చల్లబడే సూత్రమే. ఎంపీఎఫ్ఐలో ఈ బాధ లేదు. పంపు ట్యాంకు దగ్గర ఉండి ఒత్తిడితో నెడుతుంది, ఒత్తిడి పెరిగితే మరిగే వేడి కూడా పెరుగుతుంది.

ఎండకు మన షెడ్లు కనిపెట్టిన ఇంకో వైద్యం మాత్రం చెడ్డది. రేడియేటర్ నీళ్లకు దారి తెరిచే థర్మోస్టాట్ వాల్వును పీకి అవతల పారేస్తారు. అది ఇంజన్ తగినంత వేడెక్కాకే తెరుచుకుంటుంది. లేకపోతే చలికాలం ఇంజన్ ఎప్పటికీ వేడెక్కదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, తొందరగా అరుగుతుంది. ఎండాకాలం వేడెక్కడానికి అసలు కారణం తరచు వేరే ఉంటుంది. ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోయడం వల్ల రేడియేటర్ సన్న గొట్టాల్లో సున్నం పేరుకుని ఉంటుంది. అల్యూమినియం హెడ్డు ఒక్కసారి బాగా కాలితే వంగిపోతుంది, గాస్కెట్ పోతుంది. రేడియేటర్ కడిగించి, కూలెంట్ పోయించి, వాల్వు తిరిగి పెట్టించడం బాగుచేతలో అన్నిటికంటే లాభసాటి పని.

ఈ మధ్య కొత్త చిక్కు పెట్రోలులోనే వచ్చింది. 2025 నాటికి బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే దొరుకుతోంది. 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన కొత్త బండ్ల సామాన్లు దానికి తగినట్టు చేశారు. 800 సామాన్లు దాన్ని తట్టుకునేట్టు చేసినవి కావు. ఇథనాల్ గ్రాముకు 9 గ్రాముల గాలి చాలు, ఎందుకంటే దాని అణువులోనే కొంత ఆక్సిజన్ ఉంది. ఎంపీఎఫ్ఐ ఆక్సిజన్ సెన్సార్ చూసి కొంతవరకు సర్దుకోగలదు. కార్బొరేటర్ జెట్ రంధ్రం మారదు కాబట్టి మిశ్రమం పలచబడుతుంది, బండి లాగడం తగ్గుతుంది. పాత రబ్బరు పైపులు, పంపు పొర ఇథనాల్‌కు ఉబ్బి మెత్తబడతాయి. పెట్రోలు పైపు పగిలితే బండి ఆగడంతో సరిపోదు, మంట అంటుకునే ప్రమాదం ఉంది. కాబట్టి బాగు చేయించేటప్పుడు పెట్రోలు తాకే ప్రతి రబ్బరు ముక్కను ఇథనాల్‌కు తట్టుకునే రకంతో మార్పించాలి, కార్బొరేటర్ అయితే జెట్‌ను కాస్త పెద్దది వేయించాలి. ఇథనాల్ చెరకుతో పాటు మక్కలు, నూకల నుంచి కూడా తీస్తారు. అంటే కరీంనగర్, జగిత్యాల రైతు పండించే పంటలో కొంత ఆ రైతు పాత కారు ట్యాంకులోకే రావచ్చు. 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ దగ్గర ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని జనం రోడ్డెక్కి పనులు ఆపించారు. వాళ్ల గొడవ నీళ్ల గురించి, కాలుష్యం గురించి. కార్ల రబ్బరు పైపుల గురించి ఎవరూ రోడ్డెక్కలేదు, ఎక్కరు కూడా.

ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, కాబట్టి నెలల తరబడి నిలబెట్టిన బండికి ఇది మరీ చెరుపు. నిలబడితే కార్బొరేటర్ గిన్నెలో పెట్రోలు ఆవిరై జిగురు మిగులుతుంది, జెట్ మూసుకుంటుంది. బ్రేకు డ్రమ్ములు తుప్పుతో పట్టేస్తాయి, బ్యాటరీ చస్తుంది, ఆయిల్ సీళ్లు ఎండుతాయి. పాత కారును ముద్దుగా కవరేసి దాచుకునేవాళ్ల కంటే రోజూ పది కిలోమీటర్లు నడిపేవాళ్ల బండి ఆరోగ్యంగా ఉండటానికి కారణం ఇదే. ఆ పది కిలోమీటర్లూ ఒకే దమ్ములో తిప్పడం మంచిది. ఇల్లు, కిరాణా కొట్టు, ఇల్లు అన్న తిరుగుడులో ఇంజన్ వేడెక్కక ఆయిల్‌లో నీరు చేరుతుంది.

సామాన్లకు ఇంకా కరువు రాలేదు. ఇదే ఇంజన్ పెట్టుకున్న ఓమ్ని వ్యాను 2019 దాకా తయారైంది కాబట్టి క్లచ్ ప్లేటు, టైమింగ్ బెల్టు, గాస్కెట్లు, వాటర్ పంపు దొరుకుతాయి. దొరకనివి చిన్నచిన్నవి, లోపలి ప్లాస్టిక్ బిళ్లలు, పాత మోడల్ లైట్ల అద్దాలు. వాటికి తుక్కు దుకాణాలే దిక్కు. కాగితాల ఖర్చు మాత్రం సామాన్లను మించిపోయేటట్టుంది. 15 ఏళ్లు దాటిన కారుకు ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ తిరిగి చేయించాలి. 2022 ఏప్రిల్ వరకు 600 రూపాయలున్న కేంద్రం ఫీజు 5,000 అయింది. 20 ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో 10,000 చేశారు. ఇంజన్ మార్చి పెద్దది పెట్టించాలనే సరదా ఉన్నవాళ్లు, కంపెనీ ఇచ్చిన రూపం మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పిందన్న సంగతి గుర్తుంచుకోవాలి.

బాగుచేతతో పోని లోపం గురించి మొదట అన్నాను. చివరి 800 తయారైన 2014 జనవరిలోనే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ ఆల్టో 800ను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించిన పరీక్ష ఫలితాలు బయటపెట్టింది. పెద్దల భద్రతకు వచ్చిన స్టార్లు సున్నా. అది 800 కంటే కొత్త డిజైన్. ఇంకా పాతదైన మన బండిలో ఎయిర్‌బ్యాగ్ లేదు, గుద్దుకుంటే నలిగి దెబ్బను మింగేందుకు ముందు భాగంలో చోటు లేదు. దీనికితోడు భౌతికశాస్త్రం తేలికవాడి పక్షాన ఉండదు. 650 కిలోల కారు, 1,300 కిలోల కారు చెరో 50 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా గుద్దుకుని అతుక్కుపోయాయనుకోండి. పెద్దదాని వేగం 33 కిలోమీటర్లు మారుతుంది, చిన్నదాని వేగం 67 కిలోమీటర్లు మారుతుంది. లోపల కూర్చున్న మనిషి మెడ మీద, ఛాతీ మీద పడేది ఆ మార్పే. లారీ ముందైతే ఈ లెక్క చెప్పుకోవడం కూడా దండగ.

కాబట్టి బెల్టులు కొత్తవి వేయించాలి, వెనుక సీటుకు కూడా. హెడ్‌లైట్లు వెలగడమే కాదు, రోడ్డు కనిపించాలి. ఏడెనిమిదేళ్లు దాటిన టైర్లకు గీతలు మిగిలి ఉన్నా తీసేయాలి, రబ్బరు ఎండి పగిలి ఉంటుంది. పిల్లల్ని బడి దగ్గర దింపడానికి, కరీంనగర్ నుంచి వేములవాడకు, మంచిర్యాల నుంచి లక్షెట్టిపేటకు పగటిపూట నెమ్మదిగా పోయి రావడానికి ఈ బండి నిక్షేపంగా పనికొస్తుంది. రాత్రిపూట హైదరాబాద్ పోయే రాజీవ్ రహదారి మీద గ్రానైట్ లారీల మధ్యకు మాత్రం దీన్ని తీసుకెళ్లనక్కర్లేదు. హైదరాబాద్‌కు బస్సులకు కొదవ లేదు.